ఎడమ పక్క గీతలు

మార్చి 3

ప్రకటన రాశాను. నాలుగోసారి రాస్తే గానీ కుదరలేదు.

"అమ్మకానికి: మట్టిదారికీ తారురోడ్డుకీ రెండింటికీ పనికొచ్చే మోటార్‌సైకిల్. కొని పది నెలలు. తిరిగింది రెండువేల మూడువందల కిలోమీటర్లు. ఒక్కడే వాడాడు. చిన్న చిన్న గీతలు తప్ప కొత్త బండే. అమ్మడానికి కారణం: మోకాళ్ళ నొప్పులు."

మోకాళ్ళకి ఏమీ కాలేదు. షాపులో కళ్ళజోళ్ళ ఫ్రేముల డబ్బాల కోసం రోజుకి ఇరవైసార్లు అటక ఎక్కి దిగుతున్నాను. కానీ ఏదో ఒక కారణం రాయాలి. రాయకపోతే బండిలోనే ఏదో లోపం ఉందనుకుంటారు జనం.

మా ఆవిడ చదివి, "ఒంటెని అమ్మేస్తున్నారన్నమాట" అంది. బండి ఎత్తు చూసి మొదటిరోజే దానికి ఆ పేరు పెట్టింది. యాభై దాటాక కొండదారుల్లో తిరుగుదామని కొన్నాను. తిరిగింది రెండుసార్లు. రెండోసారి వాగు దాటించి, అవతలి ఒడ్డున ఆపి, ఇంజను చల్లారే చప్పుడు వింటూ అరగంట ఒంటరిగా కూర్చున్నాను. అంత సుఖంగా నేనెప్పుడూ లేను. ఎవరితోనూ చెప్పలేదు, చెప్తే నవ్వుతారు.

ఫిబ్రవరి పన్నెండు సంగతి ఇక్కడ రాయను.

మార్చి 4

షాపు తెరవగానే అక్షరాల చార్టు ముందు నిలబడ్డాను. ఒక కన్ను మూసి చదివాను. రెండోది మూసి చదివాను. దేనితో చదివినా ఆఖరి వరుస దాకా వచ్చింది. నా కళ్ళు బాగున్నాయి.

మార్చి 6

ప్రకటనకి ఫోటోలు తీశాను. గీతలు దాచి అమ్మే రకం కాదు నేను. అందుకని దేనికి దానికి కారణం రాసి పెట్టుకుంటున్నాను, ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పొచ్చు.

లెగ్‌గార్డు మీద పొడుగు గీత: మా గేటు స్తంభం. మేస్త్రీ దాన్ని వంకరగా కట్టాడు.

దాని పైన లోపలికి నొక్కుకుపోయినది: పక్కింటివాళ్ళు వీధిలో పెట్టిన నీళ్ళ డ్రమ్ము. వీధి వాళ్ళ తాతగారిదనుకుంటారు.

హ్యాండిల్ కింద చిన్న చార: ఆగి ఉన్న కారు అద్దం. ఎవడో దాన్ని మడవకుండా దిగిపోయాడు.

ట్యాంకు అంచున పచ్చరంగు అంటుకున్నది: సైకిలు. దాన్ని తొక్కే ఆమే అడ్డం వచ్చింది.

మా ఆవిడకి మొదటి మూడూ చదివి వినిపించాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకి బండ్ల సంగతి ఏం తెలుసు.

మార్చి 9

మొదటి బేరం వచ్చింది. వ్యాయామం నేర్పే కోచ్. కండలు చూపిస్తూ ఎంత స్పీడు పోతుందని అడిగాడు. వాగులు దాటే బండిని పట్టుకుని స్పీడు అడిగేవాడికి ఇవ్వబుద్ధి కాలేదు. ఇవ్వనన్నాను.

సాయంత్రం ఇంకొకాయన వచ్చాడు. పద్ధతిగా మాట్లాడాడు, పద్ధతిగా చూశాడు. ఆయనకీ ఇవ్వలేదు. ఎందుకని మా ఆవిడ అడిగితే ఆయన చెప్పులు నాకు నచ్చలేదన్నాను.

"మీరు బండిని అమ్మకానికి పెట్టారా, పెళ్ళిచూపులకి పెట్టారా" అంది.

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మార్చి 11

టైలరమ్మ షాపుకొచ్చింది. ఇక రాయక తప్పదు.

మా షాపు నుంచి రెండు వీధుల అవతల ఆవిడ కుట్టు దుకాణం. పదేళ్ళుగా కళ్ళజోడు నా దగ్గరే. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. ఫిబ్రవరి పన్నెండున సాయంత్రం పోస్టాఫీసు మలుపులో నా ఎడమ పక్క నుంచి సైకిలు మీద వస్తోంది. నేను మలుపు తిప్పాను. సైకిలు నా బండికి తగిలింది. కాదు, బండే సైకిలుకి తగిలింది. ఆవిడ కింద పడింది. కత్తెర పట్టే చెయ్యి, కుడి మణికట్టు వాచిపోయింది.

జనం మూగారు. ఎవరో, "ఏమయింది సార్" అని అడిగారు. కంగారులో నోటికొచ్చిన మాట అనేశాను. "ఈవిడకి చూపు మందగించినట్టుంది, పాపం. రేపు షాపుకు రామ్మా, చూస్తాను."

నేను కళ్ళజోళ్ళవాణ్ణి. చూపు గురించి నేనొక మాటంటే కాదనేవాడు ఎవడున్నాడు. అందరూ తలలూపారు. ఆవిడ చెయ్యి పట్టుకుని, "నాదే తప్పేమో అన్నయ్యా, నేను సరిగా చూసుకోలేదేమో" అంది.

మర్నాడు కట్టుతో వచ్చింది. పరీక్షకి వాడే బరువు ఫ్రేము ముక్కు మీద పెట్టి అద్దాలు మార్చి మార్చి చూశాను. మూడుసార్లు చూశాను. నంబరు వెంట్రుకవాసి కూడా మారలేదు. పాత అద్దాలే సరిగ్గా సరిపోతున్నాయి.

"అర పాయింటు పెరిగిందమ్మా" అన్నాను.

కొత్త జోడు నేనే చేసి ఊరికే ఇచ్చాను. పాతది నా సొరుగులో ఉండిపోయింది. ఆవిడ నాకు దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఈ రోజు అదే జోడుతో వచ్చింది. "రోజూ తలనొప్పి అన్నయ్యా. సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటి పిల్లని పిలుస్తున్నాను. సన్నపనులు ఒప్పుకోవడం మానేశాను. సైకిలు ఎక్కాలంటే భయమేస్తోంది, నడిచే వెళ్తున్నాను. నా కళ్ళు ఇలాగే పోతాయా?"

అలవాటు పడాలమ్మా అన్నాను. కొన్నాళ్ళు పడుతుందన్నాను.

సొరుగు ఆవిడ మోకాలికి జానెడు దూరంలో ఉంది. తియ్యలేదు.

మార్చి 12

ఈ రోజు రాయడానికి ఏమీ లేదు.

మార్చి 15

హాల్లో స్టూలు తన్నుకుని పడబోయాను. దాని మీద మా ఆవిడ పెట్టిన టీ గ్లాసు పగిలింది. ఇంట్లో నడిచే చోట స్టూళ్ళు పెట్టేదెవరని అరిచాను.

ఆవిడ గాజుపెంకులు ఏరుతూ తల ఎత్తకుండా అంది. "అది పదేళ్ళుగా అక్కడే ఉందండీ."

నాన్న ఆఖరి రోజుల్లో ఎడమచేతి వేళ్ళు గోడకి రాసుకుంటూ నడిచేవాడు. మా గోడ మీద నడుమెత్తున మాసిన చార ఒకటి ఉండేది. వయసైపోయింది కదా అనుకున్నాం అందరం. అప్పటికి నేను షాపు పెట్టి పదిహేనేళ్ళు. వచ్చిపోయే ప్రతివాడి కళ్ళూ చూసేవాణ్ణి. ఆయన్ని ఒక్కసారి కూడా కూర్చోబెట్టి చూడలేదు.

చార్టు చదివాను. ఆఖరి వరుస దాకా.

మార్చి 17

ఈ రోజొచ్చిన బేరం పశువుల డాక్టరమ్మ. ముప్పై ఏళ్ళుంటాయి. బస్సు దిగి నేరుగా వచ్చింది, బూట్ల నిండా ఎండిన మట్టి. ఆవిడ చూసే ఊళ్ళకి సగం దూరం రోడ్డే లేదట, చేలగట్ల మీద పోవాలట. ఈ బండి ఇలాంటి మనిషి కోసమే పుట్టిందనిపించింది. ఇచ్చేద్దామని అప్పుడే అనేసుకున్నాను.

స్టార్ట్ చేసి చెవి దగ్గరగా పెట్టి వింది. చైను కదిపింది. చక్రం తిప్పింది. తర్వాత ఎడమ పక్కన గొంతుక్కూర్చుని అరచేతితో పైనుంచి కిందికి నిమురుతూ వచ్చింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"కింద పడేశారా సార్?"

"ఎప్పుడూ పడలేదు."

"అదే అనుకున్నాను. పడితే హ్యాండిల్ చివర అరుగుతుంది, కాలు పెట్టే కడ్డీ వంగుతుంది. ఇక్కడ అవేం లేవు. బండి నిటారుగా నడుస్తుండగానే రాసుకుంది. అదీ నాలుగుసార్లు."

నేను తయారుగా పెట్టుకున్న కారణాలు మొదలుపెట్టాను. మేస్త్రీ, డ్రమ్ము, కారు అద్దం. ఆవిడ వింటూనే లేచి అటువైపుకి వెళ్ళి కుడి పక్క నిమిరింది. అరచెయ్యి జారినట్టు పోయింది.

"ఇటు ఒక్క గీత లేదు" అంది. తర్వాత ఊరికే కబుర్లు చెప్తున్నట్టు అంది. "మా దగ్గరికి ఇలాంటి ఎద్దులొస్తాయి సార్. ఒక పక్క ఒళ్ళంతా గీరుకుపోయి ఉంటుంది. పొగరెక్కి స్తంభాలకి పొడుచుకుంటోందని చెప్తాడు రైతు. చావగొట్టి మరీ తీసుకొస్తాడు. నేను ఒంటి సంగతి తర్వాత, ముందు ఆ వైపు కన్ను చూస్తాను. నోరు లేనిది కదా, కనపడటం లేదని అదెలా చెప్తుంది."

అని, "బండికి కన్నెక్కడిది లెండి" అని తనే నవ్వింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ఎడమ కంటి మీదికి వెళ్ళింది. నలుసు పడినట్టు నలుపుకున్నాను. నా మాట నాకే వినపడింది. "ఇంకొకాయనకి మాటిచ్చేశాను. మర్చిపోయాను. బండి లేదు."

"ఉందంటేనే గంటన్నర బస్సులో వచ్చాను సార్" అంది. గట్టిగా కూడా అనలేదు. గేటు వేసి వెళ్ళిపోయింది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

మార్చి 18

ఆ చార్టు గోడకి తగిలించి ఇరవై ఆరేళ్ళయింది. వీపు తిప్పి నిలబడ్డా చదవగలను. చీకట్లోనూ చదవగలను. అయినా నేను కనపడే చదివాను, అబద్ధం కాదు. చార్టు ఎదురుగా ఉంటుంది. ఎదురుగా ఉన్నది నాకెప్పుడూ బాగానే కనపడుతుంది.

మధ్యాహ్నం షాపు తలుపు లోపల గడియ పెట్టుకుని, కుడి కన్ను మూసి, ఎదుటి గోడ మీద మేకు చూస్తూ, ఎడమచెయ్యి వేలు చెవి పక్క నుంచి మెల్లగా ముందుకి తెచ్చాను. ఎవరికైనా అనుమానమొస్తే మొదట చేసేది ఇదే. వందలమందికి చేశాను. చెవి దాటగానే కనపడాలి.

వేలు కనపడేసరికి ముక్కుకి దగ్గరగా వచ్చేసింది.

మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను.

మార్చి 20

పెద్ద కంటాసుపత్రికి వెళ్ళాను. బస్సులో. తెలిసినవాళ్ళెవరూ ఉండని ఆసుపత్రి చూసుకుని మరీ వెళ్ళాను.

గిన్నె బోర్లించినట్టుండే మెషీన్లో గడ్డం పెట్టి కూర్చోవాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న దీపం వెలుగుతుంది. వెలిగినప్పుడల్లా చేతిలో బొత్తాం నొక్కాలి. ముందు కుడి కన్ను. టకటకా నొక్కాను. అక్కడక్కడా తడబడ్డాను గానీ నొక్కాను.

తర్వాత ఎడమ కన్ను. మూడో నాలుగో నొక్కాను. ఆ తర్వాత దీపాలు రావడం ఆగిపోయింది. వేలు బొత్తాం మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపు చూసినా రావు. ఇలాంటివాటికి మధ్యలో కరెంటు ఇబ్బందులు వస్తూనే ఉంటాయి.

"మెషీన్ ఆగిపోయినట్టుందమ్మా" అన్నాను.

పక్కన కూర్చున్న అమ్మాయి మెత్తగా అంది. "లేదు సార్, నడుస్తూనే ఉంది. మీరు చూస్తూ ఉండండి."

డాక్టరు కాగితం నా ముందు పెట్టాడు. ఎడమ కంటి బొమ్మలో నడిమధ్య చిన్న తెల్లటి చోటు, చుట్టూ నలుపు. కంటిలో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతూ వచ్చిందట. పోయింది తిరిగి రాదు. చుక్కల మందుతో మిగిలింది నిలబెట్టుకోవాలి. కుడి కన్నులో ఇప్పుడే మొదలయింది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగాడు. మా నాన్నకి ఉండి ఉండాలన్నాను. మీరేం చేస్తుంటారని అడిగాడు. చిన్న వ్యాపారమన్నాను.

"బండి నడుపుతారా?"

"అమ్మేస్తున్నాను."

ఆ జబ్బు ఎలా ఉంటుందో, మొదట ఏ వైపు నుంచి తింటుందో, మనిషి దాన్ని ఎలా కనిపెట్టలేడో, అన్నీ నాకు తెలుసు. వచ్చేదారిలో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. ఎడమవైపు సీట్లో ఎవరో ఉన్నారని దిగేటప్పుడు గానీ చూడలేదు.

మార్చి 21

మా ఆవిడకి చెప్పాను. కాగితం చూపించాను.

ఆవిడ చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. "శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది మీ పని" అంది. నన్ను నొప్పించాలని అన్న మాట కాదు, ఏదో ఒకటి అనాలి గనక అంది. స్టూలు తీసుకెళ్ళి పడకగదిలో పెట్టి వచ్చింది. మందు చుక్కలు ఎప్పుడెప్పుడని అడిగింది.

తర్వాత ఉన్నట్టుండి అంది. "మరి ఆ రోజు టైలరమ్మ అడ్డం రాలేదా?"

కాగితం తీసుకుని మడత పెట్టాను.

"ఆవిడకి చూపు తగ్గిందని మీరే కదా చెప్పారు."

సొరుగులో జోడు సంగతి కూడా చెప్పాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా వంక అలా ఎన్నడూ చూడలేదు. "మీ కన్ను పోయినందుకు నాకు ఏడుపొస్తోంది. ఈ జోడు సంగతికి నాకు సిగ్గేస్తోంది. వెళ్ళి చెప్పిరండి" అంది.

చెప్తే షాపు ఏం కావాలి? గుడ్డివాడి దగ్గర కళ్ళజోడు ఎవడు చేయించుకుంటాడు? అదీ అబద్ధాలాడే గుడ్డివాడి దగ్గర? పైకి అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 22

ఇంట్లో మాటల్లేవు. వేళకి మందు చుక్కలు వేస్తోంది. వేసి వెళ్ళిపోతోంది.

మార్చి 24

డాక్టరమ్మకి నేనే ఫోన్ చేశాను. ఇంకొకాయనెవరూ లేరు, మీకే ఇస్తాను, రండి అన్నాను. ఎందుకో అడక్కుండా వచ్చింది.

సంతకాలకి ముందు చెప్పేశాను. "గీతలకి నేను చెప్పిన కారణాలన్నీ అబద్ధం. స్తంభం తిన్నగానే ఉంది. మీ ఎద్దుల సంగతే నిజం." ఎడమ కన్ను చూపించాను.

ఆవిడ నొచ్చుకుంది. "నేను మాటవరసకి అన్నాను సార్."

"మాటవరసకైనా ఎవరూ అనలేదమ్మా ఇన్నాళ్ళూ."

గార్డు మార్పించి ఇస్తానన్నాను. వద్దంది. "గిట్టలు బాగున్నాయి, గుండె బాగుంది, మేత సరిగ్గా తింటోంది. తోలు మీద గీతలతో నాకేం పని" అంది. చాలా రోజులకి మా ఆవిడ పెదవి కొంచెం కదిలింది. ఒంటె అనే పేరు కూడా బండితోపాటు ఇచ్చేసింది.

వాగు దగ్గర మొదటి గేరులోనే పోనివ్వాలని, మధ్యలో ఆపకూడదని చెప్పాను. ఆవిడ పశువుల మధ్య తిరిగే మనిషి, ఆవిడకి నేను వాగులు నేర్పాలా. అయినా చెప్పాను, ఆవిడా విన్నది. బండి వీధి చివర తిరిగింది. చప్పుడు మాత్రం ఇంకాసేపు వినపడింది.

వరండాలో బండి ఉండే చోట నూనె మరక ఉంది. కడుగుదామని నీళ్ళు తెచ్చి, కడగకుండా లోపలికి వచ్చేశాను.

మార్చి 25

షాపులో పని ఎక్కువగా ఉంది. వెళ్ళడం కుదరలేదు.

మార్చి 26

వచ్చింది ఇద్దరే. పని ఎక్కువగా లేదు. రేపు.

మార్చి 27

వెళ్ళాను.

సగం దించిన షట్టరు, లోపల రెండు మిషన్లు. ఒకదాని మీద గుడ్డ కప్పి ఉంది. పచ్చ సైకిలు కత్తిరింపు బల్ల వెనక గోడకి జారేసి ఉంది, దాని మీద గుడ్డల చుట్టలు పడేసి ఉన్నాయి. టైలరమ్మ కొత్త జోడు నుదుటి మీదికి తోసుకుని, సూదిని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఉంది.

"రండి అన్నయ్యా" అని కుర్చీ మీద బట్టలు తీసింది.

కూర్చోలేదు. జేబులోంచి పాత జోడు తీసి బల్ల మీద పెట్టాను. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అవేవీ రాలేదు. "నీ నంబరు మారలేదమ్మా. నేను అబద్ధం చెప్పాను. ఎడమ పక్క కనపడనిది నాకు. నేనే గుద్దాను" అన్నాను. అంతే చెప్పగలిగాను.

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. నుదుటి మీది జోడు తీసి పక్కన పెట్టింది. పాతది పెట్టుకుంది. సూది, దారం చేతిలోకి తీసుకుంది. రెండోసారికి దారం ఎక్కింది. మొదటిసారి తొందరలో తప్పింది, కళ్ళ తప్పు కాదు.

"నా కళ్ళు బాగానే ఉన్నాయా?"

"బాగున్నాయమ్మా."

"ఆ రోజు కూడా?"

"ఆ రోజు కూడా."

దారం ఎక్కిన సూదినే చూస్తూ అంది. "అయితే నేను రోడ్డు మీద నా పక్కనే వెళ్తున్నానన్నమాట."

"అవునమ్మా."

"నెలన్నర నుంచీ రోజూ ఆ మలుపులో ఆగి చూస్తున్నాను. ఎక్కడ తప్పానా అని. ఎంత చూసినా తెలిసేది కాదు. అదీ కనపడనంతగా చూపు పోయిందనుకున్నాను."

తిడుతుందని వచ్చాను. తిడితే బాగుండేది. నా కంటికేమయిందని కూడా అడగలేదు. సూదిని మెడలోని టేపుకి గుచ్చి, "ఇంక మీరు వెళ్ళండి" అంది. అన్నయ్యా అనలేదు.

షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చాను. పోస్టాఫీసు మలుపు దాకా మెల్లగా నడిచాను. అడుగడుక్కీ ఎడమవైపు తల తిప్పి చూసుకుంటూ నడవమన్నాడు డాక్టరు. ఈ మలుపులో మర్చిపోయాను. వేరే సంగతులు ఆలోచిస్తున్నాను.

వెనకనుంచి, ఎడమ పక్కన, సైకిలు బెల్లు మోగింది. ఒకసారి మోగి ఊరుకోలేదు. నేను తప్పుకునేదాకా మోగుతూనే ఉంది.

తప్పుకుని నిలబడ్డాను. ఆవిడ పచ్చ సైకిలు మీద తన పక్కనే వెళ్ళిపోయింది.